తక్కువ ధర బోల్టు రైఫిల్: ఎంపిక, అమరిక, గురి కుదర్పు – పంటలకు నష్టం కలిగించే అడవి పందుల నేపథ్యంలో పరిశీలన

పరిచయం

పంటలపై అడవి పందుల దాడిని గురించి జరిగే ఏ సమావేశంలోనైనా చివరకు తుపాకి ప్రస్తావన వస్తుంది. మొక్కజొన్న, వేరుశనగ, చెరకు పండించే అడవి అంచు గ్రామాలలో రైతులు కంచె, రాత్రి కాపలా, వాసన ద్రావణాలు అన్నీ ప్రయత్నించి విసిగిన తరువాత, కొందరు చట్టవిరుద్ధమని తెలిసి కూడా పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకు పంది కన్నా ముందు పొరుగు రైతో, పశువో, ఒక్కొక్కసారి పులో బలి అయిన సంఘటనలు తెలుగు రాష్ట్రాలలో కొత్త కావు. అధికారిక అనుమతితో, అర్హత గల వేటగాని చేత పందిని కాల్పించడం చట్టం ఒప్పుకున్న మార్గం. అయితే ఆ కాల్పు ఏ ఆయుధంతో, ఎంత దూరం నుండి, ఎంత కచ్చితంగా జరగాలన్న విషయంపై విస్తరణ సిబ్బందికి అందుబాటులో ఉన్న సమాచారం చాలా తక్కువ.

ఈ విషయంపై విస్తారమైన అనుభవం ఉన్న దేశం అమెరికా. అక్కడి గ్రామీణ కుటుంబాలలో బోల్టు రైఫిల్ జింకల వేటకు, పంట కాపలాకు వాడే సాధారణ పనిముట్టు. గత పదిహేనేళ్ళలో అక్కడ 500 డాలర్ల లోపు ధరకు దొరికే రైఫిళ్ళు మార్కెట్టులోకి వచ్చి, ఖరీదైన వాటికి దీటుగా నిలిచాయి. వీటి ఎంపికలోను, అమరికలోను తేలిన ప్రధాన విషయం ఒకటే: తక్కువ ధర రైఫిల్ గురి తప్పితే దోషం బ్యారెల్‌లో ఉండడం అరుదు, స్కోపు బిగింపులోను, గురి కుదర్పులోను ఉండడమే పరిపాటి. కనుక ఈ వ్యాసంలో ఎంపిక కన్నా అమరికకే ఎక్కువ చోటు ఇవ్వబడినది.

అమెరికా పొలాలలో రైఫిల్ స్థానం

అమెరికాకు పంది స్వదేశీ జంతువు కాదు. 16వ శతాబ్దంలో స్పానిష్ యాత్రికులు తెచ్చిన పెంపుడు పందులు అడవి పట్టగా, తరువాతి కాలంలో వేట కోసం తెచ్చి వదిలిన యూరేసియా అడవి పందులు వాటితో కలిశాయి. నేడు ఇవి ముప్పైకి పైగా రాష్ట్రాలలో వ్యాపించి ఉన్నవి. అక్కడి వ్యవసాయ శాఖ 2014లో వీటి నియంత్రణకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆ దేశంలో ఇది బయటి నుండి వచ్చిన చీడ. మన దేశంలో అడవి పంది స్వదేశీ వన్యప్రాణి, పులికి, చిరుతకు ఆహారం. అక్కడి సాంకేతికతను స్వీకరించవచ్చును గాని, అక్కడి విధానాన్ని యథాతథంగా స్వీకరించే వీలు లేదు.

మరొక విషయం విద్యార్థులు తరచు విస్మరిస్తారు. రైఫిల్ వల్ల పందుల సంఖ్య తగ్గుతుందన్న నమ్మకాన్ని అమెరికా అనుభవం బలపరచలేదు. మందలో ఒకటి రెండు పందులు పడగానే మిగిలినవి చెదరి, కొత్త పొలాలలో చేరి, మనిషి వాసనకు మరింత జాగ్రత్త పడతాయి. మిస్సోరీ రాష్ట్ర సంరక్షణ శాఖ తన అధీనంలోని భూములలో పందుల వేటను 2016లో నిషేధించి, మందను మొత్తంగా బోనులో పట్టే పద్ధతికి మారింది. రైఫిల్‌కు మిగిలే పాత్ర పరిమితమైనది: ఒకే పొలాన్ని అలవాటుగా పాడుచేస్తున్న జంతువును, అనుమతితో, బాధ లేకుండా తొలగించడం. ఈ పరిమిత పాత్రకు కచ్చితత్వమే ప్రాణం. గాయపడి చేనులోకి దూరిన పంది మరునాడు కలుపు తీయడానికి వచ్చే కూలీలకు ప్రాణాంతకం.

ధర ఎలా తగ్గింది

బోల్టు రైఫిల్ నిర్మాణం సరళం. వెనుక నుండి చేతితో జరిపే ఉక్కు బోల్టు తూటాను ఛాంబరులోకి నెట్టి, పిడిని కిందికి తిప్పగానే దాని లగ్గులు రిసీవరులోని గాడులలో ఇరుక్కుని తలుపు గడియ వలె మూసుకుంటాయి. జర్మనీకి చెందిన 1898 నాటి మౌజర్ నమూనాలో బోల్టు ముందు భాగాన రెండు ప్రధాన లగ్గులు ఉండేవి. తరువాత వచ్చిన వేట రైఫిళ్ళలో చాలా వాటికి అదే మాతృక.

మౌజర్ తరహా రిసీవరును ఉక్కు దిమ్మె నుండి చెక్కడానికి చాలా యంత్ర పని అవసరం. 1948లో రెమింగ్టన్ సంస్థ తన 721, 722 నమూనాలలో గుండ్రటి ఉక్కు గొట్టాన్నే రిసీవరుగా చేసి ఆ పనిని బాగా తగ్గించింది. 1958లో వచ్చిన సావేజ్ 110 నమూనాలో బ్యారెల్‌ను పెద్ద నట్టుతో బిగించే ఏర్పాటు వచ్చింది. బోల్టు ముఖానికి, ఛాంబరులో తూటా ఆనే చోటుకు మధ్య ఎడం వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు. పూర్వం ఈ పనికి నిపుణుడైన పనివాడు కావలసి వచ్చేది. నట్టు విధానంలో కొలబద్దను ఛాంబరులో ఉంచి, బ్యారెల్‌ను ఆనేవరకు తిప్పి, నట్టు బిగిస్తే సరిపోతుంది. 2010 తరువాత వచ్చిన సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, రెమింగ్టన్ 783 వంటి చౌక రైఫిళ్ళు ఈ రెండు సూత్రాలనూ కలుపుకుని, అచ్చులో పోసిన ప్లాస్టిక్ స్టాకును జోడించాయి.

అంటే ధర తగ్గింది బ్యారెల్ నాణ్యతను తగ్గించడం వల్ల కాదు. మెరుగు, చెక్కపని, యంత్ర పని తగ్గాయి. ఆ పొదుపు ఫలితం కొన్ని చోట్ల చేతికి తెలుస్తుంది: బోల్టు గరగరమంటుంది, ప్లాస్టిక్ మ్యాగజైను పెళుసుగా ఉంటుంది, స్టాకు ముందు భాగం నొక్కితే వంగుతుంది. చివరిది ఒక్కటే గురికి సంబంధించిన లోపం. దుకాణంలోనే దీనిని పరీక్షించవచ్చును. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, బ్యారెల్‌కు, స్టాకుకు మధ్య ఒక కరెన్సీ నోటును దూర్చి రిసీవరు వరకు లాగాలి. ఎక్కడా తట్టకుండా నోటు జారితే బ్యారెల్ స్వేచ్ఛగా ఉన్నట్లు. తడితే, వేడెక్కిన ప్రతిసారీ, పట్టు మారిన ప్రతిసారీ గుండు వేరే చోట పడుతుంది. తట్టే చోట స్టాకును గరుకు కాగితంతో కొద్దిగా అరగదీస్తే చాలు.

ఎంపికలో చూడవలసిన రెండవ అంశం ట్రిగ్గరు. మూడు కిలోల బరువుతో లాగవలసిన ట్రిగ్గరు మంచి బ్యారెల్‌ను కూడా వృథా చేస్తుంది. 2002లో సావేజ్ సంస్థ వినియోగదారుడే సవరించుకోగల ట్రిగ్గరును ప్రవేశపెట్టిన తరువాత, పోటీ సంస్థలూ అదే బాట పట్టాయి. ఒకటిన్నర నుండి రెండు కిలోల మధ్య, కదలిక తెలియకుండా తెగే ట్రిగ్గరు పొలం పనికి అనువైనది. అంతకన్నా తేలిక చేయడం చలికి మొద్దుబారిన వేళ్ళతో, చీకటిలో పనిచేసే మనిషికి ప్రమాదకరం.

తూటా ఎంపిక

ఈ విషయంలో వాదోపవాదాలు అంతులేనివి. పొలం అవసరం మాత్రం చిన్నది. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్, 1906 నాటి .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 1955 నాటి .243 విన్‌చెస్టర్, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ – ఈ నాలుగూ దాదాపు అన్ని చౌక రైఫిళ్ళలో లభిస్తాయి. .308లో సాధారణంగా వాడే 150 గ్రెయిన్ల గుండు, అంటే 9.7 గ్రాములు, సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో వెలువడి దాదాపు 3,600 జౌళ్ళ శక్తిని మోస్తుంది. పెద్ద మగ పంది భుజంపై దళసరి మృదులాస్థి కవచాన్ని ఛేదించడానికి ఇది చాలు. .243 వెనుకతన్ను తక్కువ కనుక కొత్తవారు అదరకుండా కాల్చగలరు. బలిష్ఠమైన మగ పందికి మాత్రం తేలిక గుండు నమ్మదగినది కాదు. ఎక్కువ శక్తి గల తూటాను ఎంచుకుని, వెనుకతన్నుకు భయపడి ట్రిగ్గరు వద్ద కళ్ళు మూసుకునే వారి సంఖ్య తక్కువేమీ కాదు.

గుండు లోహం గురించి ఒక మాట. సీసపు గుండు శరీరంలో పొడిపొడిగా చెదరి, కళేబరాన్ని తిన్న పక్షులకు విషమవుతుంది. కాండర్ రాబందుల రక్షణ ముఖ్య కారణంగా కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై 1 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. రాగి గుండుకు మారితే పాత గురి పనికిరాదు; మళ్ళీ మొదటి నుండి కుదర్చవలసిందే.

స్కోపు అమరిక

రైఫిల్‌పై ఖర్చు చేయదలచిన మొత్తంలో సగానికి తగ్గకుండా స్కోపుకు, రింగులకు, అభ్యాసపు తూటాలకు కేటాయించడం వివేకం. దుకాణంలో రైఫిల్‌కు జోడించి ఇచ్చే చౌక స్కోపును చాలామంది బిగించినది బిగించినట్లే వాడతారు. గురి తప్పిన రైఫిళ్ళలో పెద్ద భాగం ఇక్కడే చెడిపోతుంది. దుకాణపు బిగింపును నమ్మక, విప్పి మళ్ళీ బిగించడం మేలు.

ముందుగా బోల్టు బయటకు తీసి, ఛాంబరు, మ్యాగజైను ఖాళీగా ఉన్నవని కంటితోను, వేలితోను నిర్ధారించుకోవాలి. బేసు స్క్రూల రంధ్రాలలోని నూనెను స్పిరిటుతో తుడవాలి. నూనె మిగిలితే స్క్రూ బిగిసినట్లు అనిపించి, పది తూటాల తరువాత వదులవుతుంది. ముందు స్క్రూ పొడవు ఎక్కువై బ్యారెల్ మరలను తాకడం మరొక సాధారణ దోషం. రింగుల పై కప్పు స్క్రూలకు సుమారు రెండు న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంతకు మించితే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. కచ్చితమైన విలువ తయారీదారు పత్రంలో ఉంటుంది. చేతి అంచనాతో కాక చిన్న టార్క్ రెంచితో, ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించాలి. ట్రాక్టరు చక్రం నట్లు బిగించే పద్ధతి తెలిసిన వారికి ఇది కొత్త కాదు.

కంటికి, స్కోపు వెనుక అద్దానికి మధ్య దూరం ఎనిమిది నుండి పది సెం.మీ. ఉండాలి. దీనిని నిలబడి సరిచూసుకోవడం పొరపాటు. మంచె మీద కూర్చుని కాల్చేవాడు కూర్చునే భంగిమలోనే, పొలానికి వేసుకునే దుస్తులతోనే సరిచూసుకోవాలి. దూరం తక్కువైతే వెనుకతన్నుకు స్కోపు అంచు కనుబొమను చీలుస్తుంది. స్కోపులోని నిలువు గీత నిజంగా నిలువుగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఇరవై మీటర్ల దూరంలో తాపీ మేస్త్రీ వాడే తూకం గుండును దారంతో వేలాడదీసి, రైఫిల్‌ను సమతలంగా ఉంచి గీతను దారంతో కలపాలి.

స్టాకును రిసీవరుకు పట్టి ఉంచే కింది స్క్రూలు చివరిగా చూడవలసినవి. ప్లాస్టిక్ స్టాకులో ఇవి వదులైతే గుండ్లు రెండు చోట్ల గుంపులు కట్టి పడతాయి. స్కోపు చెడిందని పొరబడి కొత్త స్కోపు కొన్నవారు, ఆ స్క్రూను అరచుట్టు తిప్పితే సరిపోయేదని తరువాత తెలుసుకుంటారు.

గురి కుదర్చడం

తూటాలు ఖరీదైనవి, మన దేశంలోనైతే లైసెన్సులో రాసిన పరిమితికి లోబడినవి. అందువల్ల ఒక్క తూటా కాల్చకముందే చేయగలిగినంత చేయాలి. బోల్టు రైఫిల్‌కు ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది. బోల్టు తీసివేసి, రైఫిల్‌ను ఇసుక సంచులపై కదలకుండా నిలిపి, వెనుక నుండి బ్యారెల్ రంధ్రం ద్వారా 25 మీటర్ల దూరంలోని నల్లచుక్కను చూడవచ్చును. చుక్క రంధ్రం మధ్యలో కనిపిస్తుండగా, రైఫిల్ కదల్చకుండా, స్కోపు గీతల కూడలిని అదే చుక్కపైకి తేవాలి. దీనివల్ల మొదటి గుండు కాగితంపైనే పడుతుంది.

తరువాత 25 మీటర్ల వద్ద రెండు గుండ్లు, అక్కడ సవరణ, ఆపై 100 మీటర్లకు వెళ్ళడం క్రమం. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. స్కోపు బ్యారెల్ కన్నా సుమారు 3.8 సెం.మీ. ఎత్తున ఉంటుంది. .308 రైఫిల్‌కు 100 మీటర్ల వద్ద గురి కుదరాలంటే, 25 మీటర్ల వద్ద గుండు కూడలికి సుమారు ఒకటిన్నర సెం.మీ. కిందికి పడాలి. 50 మీటర్ల వద్ద అది దాదాపు చూపు రేఖ మీదనే ఉంటుంది; 200 మీటర్ల వద్ద సుమారు 12 సెం.మీ. కిందికి దిగుతుంది. మంచె నుండి జరిగే కాల్పు 100 మీటర్ల లోపే కనుక, రైతు ఎత్తుపల్లాల లెక్కలు వేయనవసరం లేదు. ఎక్కడ కూడలి ఉంటే అక్కడే గుండు.

సాధారణ స్కోపులో ఒక క్లిక్కు అంటే కోణ నిమిషంలో నాలుగవ వంతు. ఒక కోణ నిమిషం 100 మీటర్ల వద్ద 2.9 సెం.మీ. కనుక, ఒక క్లిక్కు గుండును అక్కడ 7 మి.మీ. పైగా కదుపుతుంది. ఉదాహరణకు మూడు గుండ్ల మధ్యబిందువు కేంద్రానికి 8 సెం.మీ. దిగువన, 6 సెం.మీ. కుడివైపున ఉన్నదనుకుంటే, 11 క్లిక్కులు పైకి, 8 క్లిక్కులు ఎడమకు తిప్పాలి. 25 మీటర్ల వద్ద అదే క్లిక్కు 2 మి.మీ. లోపే కదుపుతుంది, ఈ తేడా మరచి నాలుగు రెట్లు తక్కువ తిప్పి, స్కోపు పనిచేయడం లేదని ఫిర్యాదు చేయడం కొత్తవారిలో కనిపిస్తుంది. సవరణ ఎప్పుడూ గుంపు మధ్యబిందువును బట్టి చేయాలే గాని, ఒక్కొక్క గుండును వెంబడించకూడదు.

ఇసుక సంచి స్టాకు కింద ఉండాలి. బ్యారెల్ కింద కాదు. చౌక రైఫిళ్ళ బ్యారెల్ సన్నన కనుక మూడు గుండ్లకే వేడెక్కుతుంది. చేయి పట్టగలిగేంత చల్లారిన తరువాతే మళ్ళీ కాల్చాలి. పొలంలో పందిపై పేలేది చల్లని బ్యారెల్ నుండి వచ్చే మొదటి గుండు. కనుక వేర్వేరు రోజులలో మొదటి గుండు మాత్రమే ఒకే కాగితంపై కాల్చి, తేదీతో గుర్తు పెట్టుకోవడం అత్యుత్తమమైన పరీక్ష.

మూడు గుండ్ల గుంపు ఏమి చెబుతుంది

మూడు గుండ్లు ఒక కోణ నిమిషంలో పడ్డాయని తయారీ సంస్థలు ప్రచారం చేస్తాయి. మూడు మళ్ళ దిగుబడి చూసి కొత్త వంగడాన్ని సిఫారసు చేయని శాస్త్రవేత్తలు ఈ ప్రచారాన్ని కూడా అదే దృష్టితో చూడాలి. గుండ్లు అడ్డంగాను, నిలువుగాను సమానమైన ప్రామాణిక విచలనంతో చెదురుతాయనుకుంటే, మూడు గుండ్ల గుంపు వెడల్పు సగటున ఆ విచలనానికి 2.4 రెట్లు, అయిదు గుండ్లకు 3.1 రెట్లు, పది గుండ్లకు 3.8 రెట్లు ఉంటుంది. అంటే మూడు గుండ్లతో ఒక నిమిషం చూపే రైఫిలే పది గుండ్లతో దాదాపు 1.6 నిమిషాలు చూపుతుంది. రైఫిల్ మారలేదు, నమూనా పెరిగింది.

అయినా ఇది నిరాశపడవలసిన విషయం కాదు. పంది గుండె, ఊపిరితిత్తుల ప్రాంతం ముందుకాలి వెనుక కిందుగా, సుమారు 15 సెం.మీ. వృత్తంలో ఉంటుంది. రెండు నిమిషాల రైఫిల్ 100 మీటర్ల వద్ద 6 సెం.మీ. లోపే చెదురుతుంది. ఖరీదైన రైఫిల్ దీనిని 3 సెం.మీ.కు తగ్గించవచ్చును, చీకటిలో, ఊపిరి బిగబట్టి, కదులుతున్న నీడపై గురిపెట్టిన మనిషి చేతి వణుకు ఆ తేడాను పూర్తిగా మింగివేస్తుంది. అందువల్ల రైఫిల్ ధరలో మిగిల్చిన సొమ్మును అభ్యాసపు తూటాలకు, మంచెపై రైఫిల్ ఆనడానికి గట్టి ఊతకర్రకు వెచ్చించడమే లాభం.

తెలుగు రాష్ట్రాలకు వర్తింపు

ఇక్కడ మొదట చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 11(1)(బి) నిబంధన ప్రకారం, మనుషుల ప్రాణాలకు గాని, నిలిచి ఉన్న పంటలతో సహా ఆస్తికి గాని ముప్పుగా మారిన రెండవ షెడ్యూలు జంతువును వేటాడడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా అధికారం పొందిన అధికారి లిఖితపూర్వకంగా అనుమతించవచ్చును. 2022 సవరణ తరువాత అడవి పంది రెండవ షెడ్యూలులో ఉన్నది. లిఖిత అనుమతి లేని కాల్పు, పంట ఎంత పాడైనా, నేరమే.

ఆయుధ చట్టం, 1959లోని 13వ సెక్షను మరొక ఆసక్తికరమైన పరిమితిని విధించింది. పంట రక్షణ కోసం రైతుకు సహజంగా లభించేది మందు కూరే తుపాకి లైసెన్సు. అది చాలదని అధికారి భావిస్తే మరొక నునుపు గొట్టపు తుపాకి. రైఫిల్‌కు లైసెన్సు తగిన కారణం చూపి వేరుగా పొందవలసినది. ఫలితంగా పంట నష్టపోయే రైతు వద్ద ఉన్నది పల్లేర్ల వలె రవ్వలు చెదరగొట్టే తుపాకి. రైఫిల్ ఉన్నది పట్టణాల నుండి పిలిపించే వేటగాని వద్ద. నునుపు గొట్టపు తుపాకి రవ్వలు ముప్పై, నలభై మీటర్లు దాటితే పందిని చంపక గాయపరుస్తాయి. అనుమతి కాగితంపై పేరు ఉన్న వ్యక్తి చేతిలో ఏ ఆయుధం ఉన్నదన్న ప్రశ్న అందుకే ముఖ్యం.

మన దేశంలో పౌరులకు దీర్ఘకాలంగా లభిస్తున్న బోల్టు రైఫిల్ ఇషాపూర్ కర్మాగారపు .315 స్పోర్టింగ్ రైఫిల్. ఇది లీ ఎన్‌ఫీల్డ్ తరహా నిర్మాణం; చెక్క స్టాకు, ఇనుప సైట్లతో వస్తుంది. అదే సంస్థ .30-06 రైఫిల్‌ను కూడా తయారుచేసింది. వానాకాలంలో చెక్క ఉబ్బి బ్యారెల్‌ను నొక్కుతుంది కనుక, వేసవిలో కుదర్చిన గురిని మొక్కజొన్న కంకి పట్టే నాటికి మళ్ళీ పరీక్షించక తప్పదు. కరెన్సీ నోటు పరీక్ష ఇక్కడ మరింత ఉపయోగకరం. స్కోపు లేనప్పుడు, ఇనుప సైట్లతో మసక వెలుతురులో 50 మీటర్లకు మించి కాల్చనివ్వకూడదు.

అనుమతి అమలును పర్యవేక్షించే బృందంలో విస్తరణ శాస్త్రవేత్త ఉన్నప్పుడు, వేటగాని లైసెన్సుతో పాటు చివరిసారిగా గురి కుదర్చిన కాగితాన్ని చూపమని అడగడం సమంజసం. తేదీ, దూరం, తూటా తయారీ బ్యాచి రాసి ఉన్న కాగితం లేకపోతే, ఆ రోజు పగటి వెలుతురులో అధీకృత ఫైరింగ్ రేంజిలో మూడు గుండ్లు కాల్పించాలి. రైఫిల్ గుండు ఎత్తుగా ఎగసిపోతే మూడు కిలోమీటర్లకు మించి ప్రయాణించగలదు. మన పల్లెలలో ఆ దూరం లోపల ఎప్పుడూ ఒక ఊరో, పాకో, రాత్రి నీరు కడుతున్న రైతో ఉంటాడు. కాల్పు సమతలంగా కాక మంచెపై నుండి కిందికి జరగాలి; గుండు పందిని దాటినా, తప్పినా నేలలోనే దిగాలి. మంచె ఎత్తు, అది చూసే దిక్కు, వెనుక గట్టు ఉన్నదా లేదా అన్నవి పగలే నడిచి చూసి, కాల్చకూడని దిక్కులకు సున్నం గుర్తులు వేసి, ఆ రాత్రి చుట్టుపక్కల మోటార్ల వద్దకు ఎవరూ వెళ్ళకుండా ఊరిలో దండోరా వేయించిన తరువాతనే రైఫిల్‌లోకి తూటా ఎక్కాలి.